తోటికోడలు సరిచేసిన యాంటెన్నా

మా తోటికోడలికి హామ్ రేడియో నేర్పింది నేనే. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరికీ అది గుర్తులేదు.

నేను ఏలూరులో హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న రోజుల్లో, సొంత సెట్టుతో పరాయి ఊళ్ళవాళ్ళను పలకరించగల మనిషిని మా ఇంట్లో నేనొక్కదాన్నే. మా మరిది భార్య సరదా పడితే ఫోన్‌లోనే పాఠాలు చెప్పాను. వాళ్ళ ఇల్లు కొల్లేరు అంచున, చేపల చెరువు గట్టు మీద. ఏడాది తిరక్కుండా ఆమె కూడా లైసెన్సు తెచ్చుకుంది. గట్టు మీది రెండు తాడిచెట్ల మధ్య తీగ లాగించి, మొదటి వారంలోనే జపాన్‌లో ఎవరితోనో మాట్లాడింది.

నాది అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. మేడ మీద తీగలు కట్టనివ్వరు. బాల్కనీలో వేలాడదీసిన తీగతో నా గొంతు చెన్నై దాటితే గొప్ప.

ఒక పెళ్ళిలో మా అత్తగారు వియ్యాలవారితో అంటున్నారు. "మా చిన్నకోడలు చెరువు గట్టున కూర్చుని జపాను వాళ్ళతో మాట్లాడేస్తుందండీ." పక్కనే ఉన్న నన్ను చూసి, "పెద్దకోడలు కూడా ఏదో చేస్తుందిలెండి" అన్నారు. ఆ 'ఏదో' ఒక్కటే నా చెవిలో మిగిలింది. ఆ రోజు విస్తట్లో ఏం వడ్డించారో కూడా నాకు గుర్తులేదు.

అందుకే తాడేపల్లిగూడెంలో ఒక పెద్దాయన పాత లూప్ యాంటెన్నా అమ్ముతున్నారని వినగానే ఆ ఆదివారమే వెళ్ళాను. మీటరు వెడల్పున రాగి గొట్టంతో చేసిన చక్రం అది. పైన ట్యూన్ చేసుకునే కెపాసిటరు. అడుగున, చక్రం లోపల, చిన్న తీగచుట్టు. సెట్టు నుంచి వచ్చే కేబుల్ ఆ చుట్టుకే తగులుతుంది. బాల్కనీలో పట్టేస్తుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆయన వినికిడి తగ్గి రేడియో మానేశారట. "మధ్యలో ఒకాయన పట్టుకెళ్ళి తిరిగిచ్చేశాడమ్మా. ఏదో మార్చినట్టున్నాడు, నేను చూసుకోలేదు" అన్నారు. నా చెవికి అది ఎక్కలేదు. నా ఆలోచనంతా మా తోటికోడలు ఈ వార్త విన్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందా అనే.

తిరుగు రైల్లో చక్రాన్ని ఒళ్ళో నిలబెట్టుకుని కూర్చున్నాను. భీమడోలులో ఎక్కిన ఒకావిడ, "ఏంటండీ ఇది, దేవుడి వెనకాల పెట్టే మకరతోరణమా?" అంది. విడమరిచి చెప్పే ఓపిక లేక అవునన్నాను.

బిగించాక అసలు తంటా మొదలైంది. సెట్టుకూ యాంటెన్నాకూ ఇంపీడెన్స్ కుదరకపోతే, పంపిన శక్తిలో కొంత వెనక్కి తిరిగొస్తుంది. ఎంత వస్తోందో మీటరు చెబుతుంది. ఒకటి చూపిస్తే అంతా కుదిరినట్టు. కెపాసిటరు తిప్పితే నా మీటరులో ముల్లు దిగేది కానీ నాలుగు దగ్గర ఆగిపోయేది. కేబుల్ మార్చాను. కనెక్టర్లు గరుకు కాగితంతో రుద్దాను. అతుకులన్నిటికీ మళ్ళీ సోల్డర్ పెట్టాను. మూడు వారాలు బడి నుంచి రాగానే అదే పని. ఫోన్‌లో మా తోటికోడలు, "కొత్త యాంటెన్నా ఎలా ఉందక్కా?" అంటే, "భేషుగ్గా ఉంది" అన్నాను.

నాలుగో వారం పంటి డాక్టరుకు చూపించుకోవడానికి ఆమె ఏలూరు వచ్చి, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి, నేను వద్దనేలోపే మీటరు చూసింది. భేషుగ్గా ఉందని నేనన్న మాట ఎత్తలేదు. చక్రం ముందు చతికిలబడి, కెపాసిటరు తిప్పి చూసి, మెల్లగా అడిగింది.

"అక్కా, ముల్లు దిగుతోంది కదా, అంటే కెపాసిటరు మంచిదేనండి. మరి ఈ లోపలి చుట్టు ఇంతేనా? పెద్దదాంట్లో అయిదో వంతు ఉండాలని మీరే చెప్పారు కదండీ."

నిజమే, నేనే చెప్పాను. జానెడు ఉండాల్సిన చుట్టు బెత్తెడే ఉంది. మధ్యలో పట్టుకెళ్ళినాయన ఏ అవసరానికో మార్చేసి ఉంటాడు. మూడు వారాలు దాని పక్కనే చెయ్యి పెట్టి పనిచేసి కొలవనిది నేను. నా పాఠం నాకే ఒప్పజెబుతుంటే ఒళ్ళు మండిపోయింది. తప్పు ఆమె పట్టుకోకుండా ఉంటే బాగుండునని, యాంటెన్నా పాడైపోయినా ఫర్వాలేదని, నిజంగా అనుకున్నాను.

వంటింట్లో పప్పుల డబ్బా మూత చుట్టూ లావుపాటి రాగితీగ వంచి కొత్త చుట్టు చేసింది. నా సోల్డరింగ్ ఐరన్‌తోనే అతికించింది. ఇనుము అడ్డు రాకుండా, బాల్కనీ గ్రిల్లుకు ఆనుకుని ఉన్న యాంటెన్నా స్టాండును ఇద్దరం లోపలికి జరిపాం. ముల్లు ఒకటిన్నరకు దిగింది.

"మీరు పిలవండి అక్కా" అని లేచి కుర్చీ నాకిచ్చింది.

నాలుగైదుసార్లు పిలిచాక ఇండోనేషియా నుంచి ఒకాయన పలికాడు. సన్నగా, గాలికి ఊగుతున్నట్టు వచ్చింది గొంతు. ఏ యాంటెన్నా అని అడిగాడు. పాత లూప్, పాడైతే నేనే సరిచేసుకున్నానన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను కానీ, ఆమెకు అర్థం కాని ఇంగ్లీషు కాదది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె కాఫీ కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు మాత్రం వినబడింది.

సాయంత్రం బస్సు ఎక్కించడానికి వెళ్ళినప్పుడు, ఇండోనేషియా ఆయనతో అన్న మాట తప్పని చెబుదామనుకున్నాను. "వానాకాలం ఆ కనెక్టర్లకు తడి తగలనివ్వకండక్కా" అంది. "అలాగేలే" అన్నాను. బస్సు కదిలిపోయింది.

నెల దాటాక మా అత్తగారు వచ్చి, "ఇండోనేషియాతో మాట్లాడావటగా!" అన్నారు. ఎవరు చెప్పారని అడిగాను. "చిన్నదే చెప్పింది. అక్క పాత యాంటెన్నా కొని మూడు వారాలు కష్టపడి పనిచేయించుకుందని తెగ పొగిడింది."

"ఆ రోజు సరిచేసింది తనేనండీ" అన్నాను.

"అవునా? ఆ మాట చెప్పనేలేదే!" అన్నారావిడ, ఇంకా మురిసిపోతూ.

తను జపాన్‌తో మాట్లాడినందుకు నేను పడ్డ అసూయ దీని ముందు ఏపాటి? గొప్ప చెప్పుకునే అవకాశం చేతిలో ఉండి, అలా వదిలేయగలిగిందే, దానికి పడ్డాను అసలైన అసూయ. ఆ ముల్లు ఏ మీటరులోనూ నాకు దిగడం లేదు.