మాస్టారు అడిగితే ‘మీ ఇష్టం’ అన్నాం

మాస్టారు ఒక మాట అడిగారు. మనం జవాబు చెప్పలేదు. ఆయన పోయారు.

మన బడి పత్రికలో పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు పుట్టిన ఊరు, చదివిన చదువు, కప్పించుకున్న శాలువాలు ముందు రాస్తారు. అవన్నీ ఇంకెవరైనా రాస్తారు. నేను తప్పుతోనే మొదలుపెడతాను. ఆ తప్పు ఇంకా జరుగుతూనే ఉంది కాబట్టి.

కబురు వచ్చేసరికి నేను గుంటూరులో షెడ్డులో ఉన్నాను. మిరపకాయలకు తొడిమలు తీసే షెడ్డు. నా పని అదే. ఫోను స్పీకర్లో పెట్టుకుని కాయ ఒలుస్తున్నాను. అవతల మా అమ్మ. “మీ మాస్టారు లేరే” అంది. నా చెయ్యి కళ్ళ దగ్గరికి వెళ్ళబోతుంటే పక్కన కూర్చున్న పెద్దమ్మ మణికట్టు పట్టేసుకుంది. “కారం చేతులే పిచ్చిదానా. ముట్టుకోమాక. కారనీ, అట్టా కారనీ” అంది. షెడ్డులో ఏడవాలంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడవాలి. అలాగే ఏడ్చాను. అద్దంకి బస్సెక్కేదాకా ముఖం కడుక్కోవాలని కూడా తోచలేదు.

మన ఊరి మిషను బళ్ళో ఆయన లెక్కలు చెప్పారు. నేను చేరేసరికి రిటైరయ్యారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్క గదిలో రెండు పాత కంప్యూటర్లు పెట్టి ఎవరొస్తే వాళ్ళకు ప్రోగ్రాములు రాయడం నేర్పేవారు. నేను ఇంటర్ మధ్యలో మానేసి పనికి పోతున్న రోజులవి. ఎందుకు మానేశావని ఆయన అడగలేదు. “ఫోనుందా? ఉంటే చాలు, వారమంతా దాంట్లో చదువు. ఆదివారం ఇక్కడ రాయి” అన్నారు. ఇంగ్లీషు రాదంటే, “కంప్యూటరుకు మాత్రం వచ్చా ఏంటి? దానికి వచ్చింది నాలుగు ముక్కలు. అవి నువ్వూ నేర్చుకో” అన్నారు.

ఎండా వానా లేనప్పుడు కూడా గొడుగు వెంట ఉండాలి ఆయనకు. దారిలో ఎవరి కల్లం కనిపించినా ఆగి, ఎండుతున్న మిరపకాయ ఒకటి తీసి చెవి దగ్గర ఆడించేవారు. లోపల గింజలు గలగలమంటే ఎండిందన్నట్టు తలూపి మళ్ళీ కుప్పలో వేసేవారు. కారం ఘాటుకు దగ్గు. దగ్గుతూనే నవ్వేవారు. మనం రాసిన ప్రోగ్రాము పనిచేసినా సరే, చదివితే అర్థం కాకపోతే ఒప్పుకునేవారు కాదు. “దీని అర్థం ఏంటి?” అనేవారు. చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. “నాకు చెప్పమాక. అందులో రాయి. మాస్టారు ఇంట్లో లేరనుకుని రాయి.”

మన ఊళ్ళో వాన పిలుపు ఎలా వచ్చిందో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒక ఏడాది ఎండాకాలం మొదట్లో, జనమంతా పత్తి చేలల్లో ఉండగా వాన కొట్టింది. కల్లం మీద కాయంతా తడిసింది. ఎర్రగా ఉండాల్సిన కాయ తెల్లబడి ధర పలకని తాలయిపోయింది. మర్నాడు మాస్టారు కల్లాల వెంట తిరిగి వచ్చి, ఆ ఆదివారం పాఠం చెప్పలేదు. “గాలిలో తేమ పెరగ్గానే మనిషిని పిలిచే పెట్టె ఒకటి చేద్దామా?” అన్నారు. వెదురు గడకు చిన్న పెట్టె కట్టాం. అది మబ్బును ముందే పసిగడితే కంప్యూటరు ఊళ్ళో అందరి ఫోన్లకూ పిలుపులు పంపుతుంది. పిలుపులు పంపే భాగం నేను రాశాను. మిగతావి ఆయనా, ఇంకో ఆరుగురూ రాశారు.

ఫోను ఎత్తితే వినపడేది మాస్టారి గొంతే. “కల్లం మీద కాయ ఉన్నవాళ్ళు లేవండి. వాన వస్తోంది. పట్టాలు కప్పండి.” చివర ఒక దగ్గు. రికార్డు చేసేటప్పుడు వచ్చింది. కోసేద్దామంటే ఆయనే వద్దన్నారు. “ఉండనీ. మనిషే పిలుస్తున్నాడని తెలుస్తుంది.” ఊళ్ళో పిల్లలు ఆ పిలుపును దగ్గుతో సహా అనుకరిస్తారు.

ఇక ఆయన అడిగిన మాట.

ఆ ప్రోగ్రామును ఎవరైనా చూసేలా నెట్‌లో పెట్టాం. అందరికీ తెరిచి పెట్టాం కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. చూడనివ్వడం వేరు, తీసుకోనివ్వడం వేరు. నారుమడికి దడి లేదు కదా అని దారినపోయే రైతు నారు పీక్కుపోతాడా? చూస్తాడు, బాగుందంటాడు, పోతాడు. మడివాడు “మాకు మిగిలింది, పీక్కుపోండి” అని కేకేస్తేనే చెయ్యి వేస్తాడు. ప్రోగ్రాముకు ఆ కేకను రాతలో పెడితే దాని పేరు లైసెన్సు. ఎవరు తీసుకోవచ్చు, మార్చవచ్చా, ఇంకొకరికి ఇవ్వవచ్చా అన్నీ అందులో ఉంటాయి. అది లేకపోతే చట్టం ప్రకారం హక్కులన్నీ రాసినవాళ్ళవే. అప్పుడు నిజాయితీ ఉన్నవాడు ముట్టుకోడు. దొంగ ఎలాగూ అడగడు. మన ఊళ్ళో నోటి కేక చాలు. ఆ కేక అవతల దర్శి వైపు ఊళ్ళ దాకా వినపడదు.

ఇది మాస్టారికి ముందే తెలిసింది. మన ఏడుగురి గ్రూపులో ఇలా రాశారు: “పిల్లలూ, ఇందులో నేను రాసింది కొంతే. మీరు రాసింది మీది. దాన్ని ఇంకొకరికి ఇచ్చే హక్కు నాకు లేదు. రెండు రకాల లైసెన్సులు చూశాను. ఒక రకంలో తీసుకున్నవాడు ఏమైనా చేసుకోవచ్చు, మార్చి మూసిపెట్టి అమ్ముకోవచ్చు. రెండో రకంలో, మార్చి పంచేవాడు తన మార్పులు కూడా ఇలాగే తెరిచి ఇవ్వాలి. పెట్టె మోగక కాయ తడిస్తే మన పూచీ లేదని రెండింట్లోనూ ఉంటుంది. ఎవరికి ఏది సమ్మతమో రాయండి.”

ఏం రాశాం? ఒకరు “మీ ఇష్టం మాస్టారూ” అని దణ్ణం బొమ్మ పెట్టారు. ఇంకొకరు “మీరెలా అంటే అలా” అని దణ్ణం. బెంగళూరు నుంచి ఉత్త బొటనవేలు. నేను, “రెండోది పెట్టండి. తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలి” అని రాశాను. వెంటనే నాకంటే ముందు నేర్చుకున్న ఒకాయన ఫోన్ చేశాడు.

“ఏమే, మాస్టారికే చెప్పేంతదానివయ్యావా?”

“ఆయనే అడిగారుగా అన్నా.”

“పెద్దాయన, మర్యాదకి అడుగుతారు. మీ ఇష్టం అనాల మనం. మాస్టారి దగ్గర రాతకోతలేంటి, సిగ్గులేకుండా? పొలం రాయించుకుంటన్నామా?”

మాస్టారు మళ్ళీ రాశారు: “నా ఇష్టం నాకు తెలుసు. మీ ఇష్టం అడిగాను.” ఈసారి దణ్ణాలు ఇంకో రెండు ఎక్కువ వచ్చాయి. నేనూ ఇంకేమీ రాయలేదు. ఆయన మీద గౌరవమని మనం అనుకున్నది ఇదీ. మనిషి ముఖం మీద అడిగినదానికి బదులివ్వకుండా కాళ్ళకు మొక్కడం.

భూస్థాపన మధ్యాహ్నం జరిగింది. సమాధుల తోటలో నిలబడ్డానికి చోటు లేదు. పాస్టరుగారు వాక్యం చదువుతుండగా పడమట నుంచి మబ్బు పట్టింది. మొదట ఒక ఫోను మోగింది. ఎవరా మర్యాద లేనివాడని అందరూ అటు తిరిగారు. అంతలో ఇంకోటి, ఇంకోటి, తోటంతా ఫోన్లే. ఎవరో కంగారులో ఎత్తి, ఆపబోయి స్పీకర్ నొక్కారు. “కల్లం మీద కాయ ఉన్నవాళ్ళు లేవండి. వాన వస్తోంది. పట్టాలు కప్పండి.” ఆ వెంట దగ్గు.

ఎవరూ కదల్లేదు. మాస్టారిని ఉంచిన శవపేటిక ఇంకా గుంటలోకి దించలేదు. అప్పుడు మాస్టారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, తల ఎత్తి అన్నారు: “ఏం చూస్తన్నారు? పొండి! కాయ తడిసిందంటే ఆయన ఊరుకుంటాడా?” సగం మంది ఏడుస్తూనే కల్లాలకు పరిగెత్తారు. మన ఊళ్ళో ఆ రోజు ఒక్క కాయ తడవలేదు.

దర్శి వైపు నుంచి వచ్చిన ఒక రైతమ్మ మాత్రం ఫోను చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. అది మోగలేదు. ఆవిడే ఇంటికి చేస్తోంది, ఎవరూ ఎత్తడం లేదు. “అందరూ పత్తి చేలో ఉంటారు. మా ఊరి మీదికీ ఇదే మబ్బేగా” అంది. తెల్ల చొక్కాలు వేసుకుని ఒకచోట నిలబడ్డ మన శిష్యుల దగ్గరికి వచ్చింది.

“ఈ పిలుపు మా ఊళ్ళో పెట్టుకోవాలంటే ఎవర్ని అడగాలయ్యా? మా రైతు సంఘానికి ఇట్టాంటి పెట్టెలు చేసిపెట్టేవాడు ప్రోగ్రాము చూసి, బాగుంది గానీ వాడుకోమని ఎక్కడా రాసిలేదు, నేను ముట్టుకోనన్నాడు.”

ఎవరో గొణిగారు. “మాస్టారిని అడగాల్సిందమ్మా.”

“అడిగా. నాదేముందమ్మా, మా పిల్లలు ఒక మాట చెప్పాలి, చెప్పగానే ఇస్తా అన్నారు.” మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. “ఆ పిల్లలు మీరేనా?”

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను నా ఫోను నంబరు ఆవిడకు ఇచ్చాను. వాన మొదలైంది. మర్నాడు ఆవిడ నాకు ఫోన్ చేసింది. రెండో కోతంతా తడిసిపోయిందని చెప్పి, “మీ మాస్టారి ఇంటావిడ కాస్త అన్నం తిన్నారా?” అని అడిగింది.

అమ్మగారికి అదంతా చెప్పాను. విని ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నారు. తర్వాత అన్నారు: “అదా సంగతి. ఊరికే ఫోను తీసి చూసుకునేవాడు. రాశారా అంటే, రాస్తార్లే, పిల్లలు పనుల్లో ఉంటారు అనేవాడు.” మాస్టారు రాసిన భాగానికి ఇప్పుడు హక్కుదారులు అమ్మగారూ, ఆయన ఇద్దరు కూతుళ్ళూ. రెండో రకం లైసెన్సుకు సమ్మతమని ముగ్గురూ సంతకం పెట్టేశారు. పెట్టాక అమ్మగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, “మీవి అయిపోయినయ్యా అమ్మా?” అన్నారు.

నాది అయింది. మిగతా ఆరుగురికీ రాశాను. ఒకరు మాస్టారి ఫోటోను తన ఫోటో స్థానంలో పెట్టుకున్నారు, నా ఉత్తరం మాత్రం తెరవలేదు. ఒకరు, “ఇప్పుడే కాదే, బాధలో ఉన్నాం” అన్నారు. ఉద్యోగానికి పోయినప్పుడు ఈ ప్రోగ్రామే చూపించుకున్నారు కదా, అప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకు? ఇంకొకరు వాళ్ళ కంపెనీని అడగాలన్నారు. అడుగు. కుదరదంటే కుదరదని రాయి. నువ్వు రాసిన భాగం తీసేసి నేను మొదట్నుంచీ నా సొంతంగా రాస్తాను. కాదన్న మాట కూడా పనికొస్తుంది. దేనికీ పనికిరానిది ఆ దణ్ణం ఒక్కటే.

ఆయన్ని నేను పొగడటం లేదు. పొగిడితే ఆయన, “సరేగానీ, ఆ పని ఎంతవరకొచ్చింది?” అనేవారు. నాకు తొడిమలు తీయడమొక్కటే కాదు, ఇంకొకటి కూడా వచ్చని నమ్మిన మొదటి మనిషి ఆయన. ఆ నమ్మకానికి బదులుగా ఆయన మనల్ని అడిగింది ఒక్క మాట. ఆ మాట కోసం ఆయన ఫోను తీసి చూసుకున్నారన్నది తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. మీకు దిగుతోందేమో నాకు తెలియదు.

ఆరుగురికీ అందరి ముందూ చెబుతున్నాను. ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం మన చర్చిలో ఆరాధన గంట కొట్టేలోగా నాకు జవాబు కావాలి. రెండో రకం లైసెన్సుకు సమ్మతమో కాదో ఒక్క మాట, కింద మీ పేరూ సంతకమూ. దర్శి వైపు ఆఖరి కోత ఆ వారమే కల్లం మీదికి వస్తుంది. గంట కొట్టాక ఎవరి నుంచి మాట రాకపోతే వాళ్ళ భాగం తీసేస్తాను. ఎవరి భాగం ఎందుకు తీసేశానో అమ్మగారికి నేనే చెబుతాను.

ఎక్కడ రాయాలో కొత్తగా చెప్పక్కర్లేదు. మన గ్రూపు తెరవండి. ఆయన అడిగిన ప్రశ్న అక్కడే ఉంది. దాని కింద మన దణ్ణాలు వరుసగా ఉన్నాయి. ఆ వరుస కింద రాయండి. మాస్టారు ఇంట్లో లేరనుకుని రాయండి.