ఫ్లాపీల మీద కుంకుమ

1988, దసరా వెళ్లిన వారం. జనగామలోని ఒక సహకార సంఘం ఆఫీసులో కంప్యూటర్ మీద యునిక్స్ ఎక్కడం లేదని ఫోన్ వస్తే హైదరాబాద్ నుంచి వెళ్లాను. అప్పట్లో నేను ఒక చిన్న కంపెనీలో సర్వీస్ ఇంజనీర్ని. ఆ మిషన్ అప్పటికే పాతది, వేరే ఆఫీసు వాడి వదిలేసింది. యునిక్స్ అంటే ఒకే కంప్యూటర్ మీద పలువురు పని చేసుకోనిచ్చే ఆపరేటింగ్ సిస్టం, మిషన్‌ను నడిపించే మూల ప్రోగ్రాం. అది ఫ్లాపీల కట్టగా వచ్చేది. ఒక్కొక్కటే డ్రైవ్‌లో పెడుతూ పోవాలి. ఇక్కడ మొదటి ఫ్లాపీకే రీడ్ ఎర్రర్ వస్తోంది.

హెడ్ క్లర్క్ నన్ను పక్కకు పిలిచాడు. "మిషన్ల ఏం లేదు సారూ. ఆపరేటర్‌గ ఎవల్ని కూసోబెట్టిన్రో చూడున్రి."

ఆపరేటర్ పేరు సరోజన. భర్త సంఘం లారీ డ్రైవర్. యాక్సిడెంట్‌లో అతను పోతే ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. పదో తరగతి చదివింది, టైపింగ్ వచ్చు. జఫర్‌గఢ్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. సెక్రటరీ ఆమె వింటుండగానే నాతో అన్నాడు: "రేపటికి మిషన్ లేవకుంటే ఈమెను గోదాంల ఊడ్చుడుకు పంపుతం. స్టాఫంత పరేషాన్ ఉన్నరు."

నేను తెచ్చిన కొత్త ఫ్లాపీల సెట్టు పెట్టాను. అదీ అక్కడే ఆగింది. వెనక నుంచి ఎవరో "చూసినవా?" అన్నారు. కేబుల్ మార్చాను. కంట్రోలర్ కార్డు, అంటే డ్రైవ్‌కూ మిషన్‌కూ మధ్య ఉండే బోర్డు, తీసి మళ్లీ బిగించాను. మార్పు లేదు. చివరికి డ్రైవ్ విప్పి, ఫ్లాపీని చదివే హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. దూది ఎర్రగా వచ్చింది.

పాత సెట్టు తీసి చూశాను. ప్రతి ఫ్లాపీకీ పసుపు, కుంకుమ. అదీ హెడ్ ఆనే సందు దగ్గరే. ఆ పొడి హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి ఫ్లాపీనీ గీరుతోంది.

"ఇవి ఎవరు పెట్టారు?"

"నేనే," అన్నాడు హెడ్ క్లర్క్. "ఆయుధపూజ నాడు ఒక్కోదానికి పెట్టిన. సందు ఉన్నది గద, సక్కగ ఆడనే."

సరోజన అంది: "ఆ దినం నన్ను బయట కూసోమన్నరు సార్. పూజ కాడికి రావద్దన్నరు. అవి నేను ముట్టనేలేదు."

కొత్త సెట్టులో గీతపడ్డ మొదటి ఫ్లాపీకి నా దగ్గర ఇంకో కాపీ ఉంది. హెడ్ శుభ్రం చేశాక దానితో మొదలుపెడితే సాయంత్రానికి ఇన్‌స్టలేషన్ పూర్తయింది. సరోజన పేరుతో అకౌంట్ తెరిచాను. ఆమె పేరు టైప్ చేసి లాగిన్ అయింది. నేను ఆ దూదిని సెక్రటరీకి చూపించాను.

"కుంకుమకు ఖరాబయ్యేటిది గది ఏం మిషన్ సారూ!" అన్నాడు హెడ్ క్లర్క్. అందరూ నవ్వారు.

సెక్రటరీ నవ్వలేదు. "మీరు చెప్పింది సమజైంది. గని పొద్దుగాల రాంగనే ఈమె ఎదురైతున్నదని అందరు అంటున్రు. గోదాం దిక్కే ఉండనీ."

"మిషన్ లేసింది గద సార్. ఇంకా నా తప్పేమున్నది?" అని సరోజన అడిగింది.

తర్వాత సర్వీసుకు వెళ్లినప్పుడు ఆ కుర్చీలో వేరే అతను ఉన్నాడు. సరోజన గోదాంలో గోనె సంచులు దులుపుతోంది. నన్ను చూసి, మిషన్ నడుస్తోందా అని అడిగింది. నడుస్తోందన్నాను.

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ముందు డ్రైవ్ హెడ్ తుడిచేవాణ్ని. లోపం ఎక్కడుందో చూపిస్తే నింద పోతుందని మాత్రం మళ్లీ అనుకోలేదు.

నా భార్య పోయి ఏడాది దాటాక వచ్చిన దసరాకు, పెద్దవాణ్నని మా ఆఫీసులో పూజ నా చేతే చేయించారు. నన్నెవరూ బయట కూర్చోమనలేదు.