హూప్ కింద వడియాలు

“వడియాలు ఎండాయా?” అన్నాడు అన్నయ్య ఫోన్‌లో.

“ఇంకో ఎండ తగలాలి. ఆదివారం వచ్చి పట్టుకుపో,” అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. ఆదివారం రాకముందే అన్నయ్య గుండె ఆగిపోయింది. ఆ వడియాల డబ్బా ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. మూత తీస్తే పుల్లమజ్జిగ, జీలకర్ర, ఎండిన పిండి కలిసిన వాసన వచ్చి నన్ను ఈ మంచు దేశంలో అరోరా అనే ఊళ్ళో మా పాత ఇంటి గ్యారేజీ ముందుకు లాక్కుపోతుంది. నాకు అక్షరాలు పట్టుబడలేదు. ఇంగ్లీషు బళ్ళో అవి కళ్ళముందే కదిలిపోయేవి, తెలుగు నోటిదాకానే వచ్చింది. అందుకని నేను చెబుతుంటే అన్నయ్య కూతురు నీలిమ రాస్తోంది. ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్న రాత దానిది. రాయవే నీలూ, తప్పులుంటే ఉండనీ.

ఎనభైల మొదట్లో నాకు పదేళ్ళు. చలికాలమంతా మంచు కిటికీ దాకా పేరుకుని, హీటరు గొణుగుతూ, ఇల్లంతా తడి ఉన్ని కోట్ల వాసన. మామిడికాయ దొరక్క అమ్మ పుల్లటి పచ్చ ఆపిల్స్‌తో ఆవకాయ పెట్టేది, ఉగాదికి వేపపువ్వు ఇండియా నుంచి కవరులో వచ్చేది. నాన్న ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసి, ఎంత కడిగినా పోని నూనె వాసనతో అన్నానికి కూర్చునేవాడు. మంచు కరిగి గ్యారేజీ ముందు డ్రైవ్‌వే బయటపడగానే అక్కడ ఇద్దరు పోటీకి దిగేవాళ్ళు. గ్యారేజీ గోడకి కొట్టిన బాస్కెట్‌బాల్ హూప్ అన్నయ్యది. దాని కింద సిమెంటు నేల నాయనమ్మది. గుంటూరు నుంచి మా దగ్గర ఉండటానికి వచ్చిన నాయనమ్మ పొద్దున్నే పాత చీర పరిచి పిండి వడియాలు పెట్టేది. బ్యాడ్మింటన్ బ్యాటు పట్టుకుని ఉడతల్ని తోలడం నా ఉద్యోగం.

గుమ్మం తలకి తగిలేంత పొడవు మా అన్నయ్య. కాలేజీ జట్టులో ఆడేవాడు. ఇంటికొచ్చినప్పుడు చీర చుట్టూ బంతి కొట్టుకుంటూ, ఒక్క వడియం కూడా తొక్కకుండా తిరిగి, డ్రైవ్‌వే మూల నుంచి ఎగిరి హూప్‌లో వేసేవాడు.

“ఒరే, బంతి పడిందంటే నీకు చారు కూడా పొయ్యను,” అనేది నాయనమ్మ.

“పడదు నాయనమ్మా, ప్రామిస్. నువ్వు ఇక్కడ వడియాలు పెట్టాకే నా కంట్రోల్ బెటర్ అయింది.”

నాలుగేళ్ళ కాలేజీ చదువులో మూడో ఏడు అయిపోవస్తుండగా ఒక ఏజెంటు అన్నయ్యని పట్టుకున్నాడు. చదువు పూర్తికాకుండానే డబ్బిచ్చి ఆడించే ప్రొఫెషనల్ జట్లకి పేరు ఇచ్చెయ్యమన్నాడు. ఇచ్చాక ఇక కాలేజీకి ఆడనివ్వరు. ఇవ్వకపోతే, ఆఖరి ఏడులో ఏ దెబ్బో తగిలితే మళ్ళీ అడిగేవాళ్ళుండరు. వారం రోజులు అన్నయ్య ఆ మాటే నమిలాడు. నాన్నని అడిగితే, “మోకాళ్ళు నీవిరా, నేనేం చెప్పను,” అన్నాడు.

పేరు ఇవ్వడానికి గడువు చివరి రోజున బూడిదరంగు సూటు వేసుకుని ఆ ఏజెంటే వచ్చాడు. పెద్ద కారు తిన్నగా డ్రైవ్‌వే ఎక్కబోతుంటే అన్నయ్య రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. ఆయన దిగి మాట మొదలుపెట్టాడో లేదో మబ్బు కమ్మింది.

“వాన. పట్టండి, తలో కొసా పట్టండి,” అని నాయనమ్మ ఆయన చేతిలో కూడా ఒక చీరకొస పెట్టింది. సూటాయన, అన్నయ్య, నాన్న, నేను నాలుగు మూలలా పట్టుకుని గ్యారేజీలోకి మోశాం. వచ్చినవాణ్ణి ఊరికే పంపకూడదని నాయనమ్మ ఆ వడియాలే నాలుగు వేయించింది. పచ్చివి కదా, పొంగలేదు, మూకుడు అడుగున కూర్చున్నాయి. సూటాయన మర్యాదకి కొరికి, దవడ పట్టుకున్నాడు.

“ఇంకో ఎండ తగలాలిరా. తొందరపడి తీశాం,” అంది నాయనమ్మ.

అన్నయ్య తన చేతిలోని వడియాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఇంగ్లీషులో, ఇంకో ఏడు కాలేజీలోనే ఉంటానని చెప్పేశాడు. ఆయన గొడుగు కూడా వేసుకోకుండా వెళ్ళి కారెక్కాడు.

“ఏమన్నాడ్రా సూటాయన?” అంది నాయనమ్మ.

“పంపించేశాగా. నువ్వే అన్నావు, తొందరపడొద్దని.”

“నేనా? నేను వడియాల సంగతి చెప్పాన్రా సన్నాసీ. నన్నడిగితే పొమ్మనేదాన్ని. పిలిచినోడు మళ్ళీ మళ్ళీ పిలుస్తాడా?”

నాన్న మొహం అటు తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతున్నాయి. “సిగ్నల్ దగ్గరే ఉంటాడు. పరిగెత్తితే దొరుకుతాడు,” అన్నాడు.

అన్నయ్య గుమ్మం దాకా వెళ్ళాడు. వానలో ఎర్రదీపం దగ్గర ఆ కారు కనిపిస్తూనే ఉంది. దీపం ఆకుపచ్చగా మారింది, కారు వెళ్ళిపోయింది. అన్నయ్య వెనక్కి తిరిగి, “నాకు ఉండాలనే ఉంది నాయనమ్మా. చెప్పడానికి ఎవరో ఒకరు కావాల్సొచ్చింది,” అని తడి డ్రైవ్‌వే మీదకి బంతి తీసుకుపోయాడు.

ఆ చలికాలం మోకాలు వాచి సగం ఆటలు బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ సూటాయన మళ్ళీ రాలేదు. కానీ ఆఖరి ఆటకి నాయనమ్మ చీర మీద నాన్న స్వెట్టరు, తలకి మంకీ క్యాపు పెట్టుకుని వచ్చి, పాప్‌కార్న్ సంచిలో వడియాలు పోసుకుని పక్కవాళ్ళకి పంచింది. అన్నయ్య బంతి వేసిన ప్రతిసారీ, “మా చీర చుట్టూ తిరిగిన కాళ్ళే,” అనేది. తర్వాత అన్నయ్య సముద్రం అవతల ఏదో చిన్న జట్టుకి రెండేళ్ళు ఆడి, తిరిగొచ్చి, ఇక్కడి బళ్ళో పిల్లలకి ఆట నేర్పుతూ ఉండిపోయాడు. బాధపడ్డావా అని ఒకసారి అడిగాను. “నా ఆట నాయనమ్మ చూసింది కదే,” అన్నాడు.

ఇప్పుడు ఆ ఇల్లు ఎవరిదో. హూప్ తీసేశారు, గోడకి రంగు మార్చారు. పెళ్ళయ్యాక నా వడియాలకి ఉడతల్ని తోలిపెట్టిన మా ఆయన కూడా ఇప్పుడు లేడు. నా అపార్టుమెంటులో చీర పరిచే చోటు లేక బాల్కనీలో కుర్చీ మీద పళ్ళెంలో పెట్టుకుంటున్నాను. అయినా సాయంత్రం ఎదురు పార్కులో పిల్లలు ఆడుతుంటే, వాళ్ళలో ఒకమ్మాయి మూల నుంచి అన్నయ్యలాగే ఎగిరి వేస్తుంది. నేర్పించింది అన్నయ్యే.

ఇవి బాగా ఎండాయి నీలూ. నూనె పెడుతున్నాను. నువ్వు రాసిందంతా మొదటి నుంచి చదువు. మూకుడు చప్పుడులో కూడా వినపడేలా, గట్టిగా చదువు.