పైన ఉన్న పేరు

ఎల్బీ నగర్‌లో రక్తపరీక్షకని వచ్చి, స్పిరిట్ వాసన పీలుస్తూ వరసలో నిలబడ్డాను. కౌంటరు అమ్మాయి కీబోర్డును టకటకా బాదుతోంది. ఆ చప్పుడులో పని కంటే విసుగే ఎక్కువ. ఆ తేడా వినడం నాకు నేర్పింది నా మొదటి ఉద్యోగంలో పై అధికారి, వసుంధర గారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పైన ఓ ఇరుకు మేడ మా ఆఫీసు. ల్యాబులకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. కొత్త స్క్రీను ఇచ్చిన ప్రతిసారీ ఆవిడ మమ్మల్ని ల్యాబుకు తీసుకెళ్లి కౌంటరు వెనక కూర్చోబెట్టేవారు. "చేతులు కట్టుకోండి, నోరు మెదపకండి, ఊరికే చూడండి" అనేవారు తన తెనాలి యాసలో. నాకు ఒళ్లు మండేది. పెళ్లికి పిలిచి అన్నం పెట్టనట్టుండేది.

ఒకసారి మన్సూరాబాద్ ల్యాబు యజమాని రుసరుసలాడుతూ వచ్చాడు. తన దగ్గరికి అందరికంటే ఎక్కువమందిని పంపుతున్నాడని మా సాఫ్ట్‌వేర్ రిపోర్టు చూపించిన డాక్టరుకు దసరా మిఠాయి ఇద్దామని వెళితే, అక్కడ మొబైల్ షాపు ఉందట. "బందయిన క్లినిక్ కెల్లి పేషెంట్లు ఎట్లొస్తున్రు మేడం? మా కౌంటరు పోరినే తీసేస్తా!" అన్నాడు.

మళ్లీ వెళ్లి చేతులు కట్టుకుని కూర్చున్నాం. బిల్లు కావాలంటే డాక్టరు పేరు ఎంచుకోవాల్సిందే. జాబితా చాంతాడంత. ఆ అమ్మాయి చూడకుండానే మొదటి పేరు నొక్కేస్తోంది.

"ఈ పేరే ఎందుకమ్మా?" అడిగారు వసుంధర గారు.

"అదే పైన ఉంటది మేడం. గంత లిస్టుల దేవులాడితే లైన్లోళ్లు లొల్లి వెడ్తరు."

ఆవిడ యజమాని వైపు తిరిగారు. "పిల్లనేమీ అనకండి. తప్పు మాది."

రెండక్షరాలు కొడితే పేరు వచ్చేలా, డాక్టరు చీటీ లేకుండా వచ్చినవాళ్లకు ఆ గడి ఖాళీగా వదిలేలా మార్చాం. రిపోర్టు నిజం చెప్పడం మొదలుపెట్టింది. మీర్‌పేట్ డాక్టర్లే ఎక్కువమందిని పంపుతున్నారని తెలిసి ల్యాబు యజమాని అక్కడ రెండో ల్యాబు తెరిచాడు. దానికీ మా సాఫ్ట్‌వేరే.

అయినా మా కంపెనీ యజమానికి ఆ పని కంటికి ఆనలేదు. "మేడం చేసేదాన్ని కస్టమరుకు ఏమని చూపించాలి? కొత్త ఫీచర్లుంటేనే అమ్ముడుపోతుంది" అనేవారు. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట ఆవిడనే పంపేశారు. ఆ తర్వాత స్క్రీను మీద గడులు పుట్టగొడుగుల్లా పెరిగాయి. ల్యాబులు ఒక్కొక్కటే జారిపోయాయి. ఆఫీసుకు తాళం పడిందని నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ సంతోషిస్తారేమో అనుకున్నాను.

"అయ్యో, అంత కష్టపడి చక్కబెట్టుకున్నాం కదయ్యా" అన్నారు. నాకిప్పటికీ బాధ కలిగించేది ఆ మాటే. నిరుడు ఆవిడ పోయారు.

అమ్మాయి నా చేతికి బిల్లు ఇచ్చింది. డాక్టరు అన్నచోట నేనెన్నడూ వినని పేరు. కోపం రాలేదు. తెలియకుండానే చేతులు కట్టుకున్నాను.

"ఈ పేరే ఎందుకమ్మా?"

తల ఎత్తకుండానే చెప్పింది: "అదే పైన ఉంటది సార్."