తొమ్మిది ముక్కల గాలం

మొన్న ఆదివారం మా అల్లుడు రెండు గాలపు కర్రల్ని కారు డిక్కీ నుంచి ముందు సీటు దాకా బారుగా పరుచుకుని పాడేరు వచ్చి, బంగారు తీగ చేప ఎక్కడ బాగా పడుతుంది మావయ్యగారూ అని అడిగితే, నా ధ్యాస చేప మీదికి కాక ఆ కర్రల పొడుగు మీదికి పోయింది. తొంభైలలో మా కొండల్లో గాలం కొనేవాడు ముందు ఆలోచించవలసింది జీపు గురించి.

మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ జీపుల్లో లోపల ఎంతమందో వెనక వేలాడేవాళ్ళూ అంతమంది, నిలువెత్తు వెదురు గాలంతో ఎక్కితే డ్రైవరు దానికీ సీటు చార్జీ అడిగేవాడు. ఆదివారాలు రిజర్వాయరుకి పోయే మేష్టర్లూ ఆఫీసుల వాళ్ళూ ఈ బాధ చెప్పుకుంటుంటే విని, ఒకదానిలోకి ఒకటి దూరిపోయే మడత గాలాలు విశాఖ నుంచి తెచ్చి మా కిరాణా కొట్టులో అమ్ముదామని నాన్న వెంటపడ్డాను. ఉప్పూ, కిరసనాయిలూ, చింతపండూ తప్ప మరేదీ సరుకు కాదనుకునే మనిషి ఆయన. "తే. అమ్ముడైతే గల్లా దగ్గిర నువ్వే కూకో. అవ్వకపోతే నాకు ఓపికున్నన్నాళ్ళూ ఉల్లిపాయలు తూసుకో," అన్నాడు. ఒక బిడ్డ తండ్రినై కూడా ఉల్లిపాయలు తూచుకుంటున్నవాణ్ణి, నాకు అంతకన్నా ఏం కావాలి!

విశాఖ వన్‌టౌన్‌లో వలలూ తాళ్ళూ అమ్మే కొట్టుకి పోతే ఒకే ధరకి రెండు రకాలు చూపించారు. ఐదు ముక్కలది ముడిస్తే మూరకి కాస్త పైన. తొమ్మిది ముక్కలది చేతిసంచిలో పట్టేస్తుంది. కొట్టులో పెరిగిన బుర్ర కదా, అదే రేటుకి నాలుగు ముక్కలు ఎక్కువ వస్తుంటే వదులుతానా! పైగా బేరమాడితే కొట్టాయన వెంటనే తగ్గించేశాడు. అమ్మేవాడు అంత తొందరగా దిగాడంటే సరుకు చూసుకోమని మాకు ఉగ్గుపాలతో నేర్పుతారు. ఆ పూట మాత్రం అది నా గొప్పే అనుకుని, తొమ్మిది ముక్కలవే ఒక కట్ట తెచ్చాను.

మిషన్ బడి మేష్టారు చర్చి అయ్యాక నాతో రిజర్వాయరుకి వచ్చారు. ఆయన మెచ్చితే మిగతావాళ్ళంతా కొంటారు. చోడిపిండీ బెల్లం కలిపిన ముద్ద గుచ్చి గాలం వేశాను. మా కొట్టులో ఎప్పట్నుంచో సరుకు కొనే కొండ మామ ఒకడు గట్టున తన వెదురు గాలంతో కూర్చుని, "ఏటి సావుకారూ, గొడుగు బొంగు తెచ్చినావు, వానొస్తాదేటి?" అన్నాడు. ఇంతలో బెండు మునిగింది. విల్లులా వంగవలసిన గాలం అతుకు అతుకు దగ్గరా మోకాళ్ళు మడిచి, నడుమ ఫెళ్ళుమని విరిగింది. మొదలు నా చేతిలో మిగిలింది, కొన చేపతో ఊరేగుతూ పోయింది. "బేరం కాకముందే సగం గాలం కొసరిచ్చేశారే దానికి!" అని మేష్టారు నవ్వారు.

నాన్న తిట్టలేదు. విరిగిన చోట వేలితో తడిమి, "ఎన్ని ముక్కలో అన్ని అతుకులురా. గోనె సంచికి సూత్తావు, కర్రకి సూడొద్దేటి?" అన్నాడు.

మర్నాడే జీపు సీటు కింద ఖాళీని తాడుతో కొలుచుకుని, మిగిలిన గాలాలు మోసుకుని విశాఖ బస్సెక్కాను. ఈసారి ధర ఊసెత్తలేదు. ఐదు ముక్కలవి ఒక్కొక్కటీ సాగదీసి, అతుకులు మెలిపెట్టి, దారం పోయే రింగులు కదిపి, కొనకి నీళ్ళ చెంబు కట్టి ఎత్తి, వంపు మొదలు దాకా నున్నగా దిగినవే పక్కన పెట్టాను. "ఏటి బాబూ, గాలం కొంటన్నావా, సంబంధం చూత్తన్నావా?" అని విసుక్కున్నాడు కొట్టాయన. సంబంధమైతే ఇలా మార్చుకోవడానికి రాలేను కదండీ అన్నాను. నవ్వేసి మార్చి ఇచ్చాడు.

మళ్ళీ ఆదివారం అదే గట్టున బంగారు తీగ తగిలితే గాలం పిడి దాకా వంగింది, విరగలేదు. మామ తన గాలం వదిలేసి, "లాగకు సావుకారూ, ఆడనీ, ఆడనియ్యి!" అని నాకన్నా ఎక్కువ గెంతాడు. చేప ఒడ్డున పడ్డాక మేష్టారు గాలం ముడిచి తన సంచిలో పెట్టుకున్నారు. చివరి గాలం అమ్ముడైన మర్నాడు పొద్దున్న నాన్న గల్లా ముందు నుంచి లేచి, వెళ్ళి ఉల్లిపాయల బస్తా దగ్గర కూర్చున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మా కొట్టులో గాలం కొనడమంటే ఒక చిన్న తిరునాళ్ళు. పూర్తిగా సాగదీస్తే కొన గుమ్మం దాటి రోడ్డెక్కేది. అరకు బస్సు కోసం నిలబడ్డవాళ్ళో, సంతకి పసుపు మోసుకొచ్చినవాళ్ళో దాన్ని అందుకుని, చేపలా గింజుకుంటూ లాగి చూసి, తీర్పు చెప్పి, ఏమీ కొనకుండా పోయేవారు. ఇప్పుడు అంతకన్నా మేలైనవి అట్టపెట్టెల్లో వస్తున్నాయి. తెరిచి చూపించనా అంటే, అక్కర్లేదండీ, ఫోనులో రేటింగ్ చూశాం అంటారు కొనేవాళ్ళు. నేను ఊరుకోను, ఒకటి తీసి పూర్తిగా సాగదీస్తాను. కొన గుమ్మం దాటి రోడ్డు మీదికి పోయి, పట్టుకునేవాళ్ళు లేక, కాసేపు అలా ఊగుతుంది.