తొమ్మిది గొర్రెల బాబాయ్

మా కాలవగట్టు మీది గొర్రెల బాబాయ్ పోయాడు. విజయవాడ ఆస్పత్రి నుంచి ఆయన చెల్లెలి కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను ఆ గొర్రెలకే కందిపొట్టు తడుపుతున్నాను. గొంతులో పుండు ముదిరిపోయిందట. రెండు నెలలుగా పాలు, గంజి తప్ప ముద్ద దిగి ఉండదని డాక్టరు అన్నారట. ఆ రెండు నెలలూ నేను పంపిన టిఫిన్ డబ్బా మాత్రం రోజూ ఖాళీగా తిరిగొచ్చింది. ఆ అన్నం ఏమైందో తెలుసుకోకుండా ఆయన గురించి రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

మా పరిచయం పోట్లాటతో మొదలైంది. డెల్టాలో చలికాలమే గొర్రెకు కరువు. కోతలకు ముందే వరిచేలో మినుము చల్లేస్తాం కాబట్టి చుట్టూ పచ్చగానే ఉంటుంది, నోరు పెట్టడానికి మాత్రం వీల్లేదు. ఒకరోజు ఆయన గొర్రెలు నా ఎకరం చేలో దిగి రెండు బారల మేర మొలక కొరికేశాయి. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల్ని అదిలించిన నోరు నాది, ఊరుకుంటుందా? గట్టు మీద నిలబెట్టి దులిపేశాను. ఆయన తలవంచుకుని విని వెళ్లిపోయాడు.

మర్నాడు చూద్దును కదా, తొమ్మిది గొర్రెలకీ మూతులకు చిక్కాలు! నూర్పిళ్లలో ఎద్దుల మూతికి కడతారే, అలాంటివే, పాత చేపలవల ముక్కలతో చిన్నగా అల్లాడు. చేలగట్టు దాటించి కాలవ ఒడ్డు చేరాక ఒక్కొక్కటీ విప్పేవాడు. నవ్వాపుకోలేక, "ఇంకొకటి అల్లు బాబాయ్, నా నోటికీ కావాలి" అన్నాను.

"మీ నోరు కట్టేస్తే నాతో మాట్టాడేవోళ్లెవరండీ పంతులమ్మగారూ?" అన్నాడు.

నిజమే. ఆయనా ఒక్కడే, నేనూ ఒక్కదాన్నే.

చలికాలం ఆయన పద్ధతి ఆయనది. ఎండ ఎక్కి మంచు ఆరేదాకా గొర్రెల్ని బయటికి వదలడు. అవిశ కొమ్మలు, సుబాబుల్ రెమ్మలు కట్టలు కట్టి వాటి తలల ఎత్తున వేలాడదీస్తాడు. కింద పడేస్తే తొక్కుతాయి, తొక్కిన మేత గొర్రె ముట్టదు. వారానికోసారి విజయవాడ వన్ టౌన్ గోడౌన్లకు వెళ్లి కందిపొట్టు బస్తా తెచ్చేవాడు. మిగిలిన అన్నం వేస్తానంటే గబగబా అడ్డం వచ్చాడు. "వద్దండి. వాటి మీద ప్రేముంటే అన్నం పెట్టమాకండి. పొట్ట ఉబ్బి పోతాయి."

పోయినేడు ఆయనకు జ్వరమొస్తే రెండు రోజులు మందను నేనే తోలుకెళ్లాను. రెండోరోజు సాయంత్రం తిరిగొచ్చాక చూస్తే చూడి గొర్రె మూతికి చిక్కం అలాగే ఉంది. పొద్దస్తమానం గడ్డి మధ్య నిలబడి ఒక్క పరక తినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన వణుకుతూనే మంచం దిగి, చిక్కం విప్పి, తడిపిన పొట్టు గుప్పెడు గుప్పెడే తినిపించాడు.

"అరవనన్నా అరవలేదు బాబాయ్" అన్నాను, తప్పు దాని మీదికి తోస్తూ.

"మేకయితే ఊరంతా లేపేసేదండి. గొర్రె అంతే. ఆకలేసినా మన మొహమే చూస్తా నిలబడుద్ది. మనమే చూసుకోవాలి."

ఆ జ్వరం నుంచే మధ్యాహ్నం ఆయనకు డబ్బా పంపడం అలవాటు చేశాను. అంతకుముందు ఒక్కదానికి ఏం వండుతాంలే అని టీ, బన్నుతో పూట గడిపేసేదాన్ని. ఇద్దరికి అంటే పొయ్యి వెలిగించాలనిపించేది. గోంగూర పప్పు పంపినరోజు, "ఎలా ఉంది బాబాయ్?" అంటే, "కొంచెం ఉప్పెక్కువైందండి" అని వంక కూడా పెట్టాడు. ఈ శీతాకాలం చిక్కిపోయావేమని అడిగితే, "చలికి గొర్రె కూడా చిక్కుద్దండీ" అని నవ్వాడు. నమ్మేశాను. ఎంత గుడ్డిదాన్ని!

దినం అయ్యాక, గట్టు మీద గడ్డి కోసుకునే ఆవిడని డబ్బా సంగతి అడిగాను. మొదట నసిగింది. తర్వాత చెప్పింది. రోజూ డబ్బా విప్పి, కూర నాలిక్కి రాసుకుని రుచి చూసి, అన్నం కాలవ లాకుల దగ్గరి కుక్కకు పెట్టేవాడట. డబ్బా కడిగి ఎండలో ఆరబెట్టి పంపేవాడట.

"పంతులమ్మగారికి చెప్పొచ్చు కదా అన్నానండి. చెప్తే ఆవిడ నాకు వండటం మానేసిద్ది, నాకు మానేస్తే తనకీ వండుకోదు, మళ్లీ ఆ బన్నులే తింటది అన్నాడు."

నేను ఇంటికి వచ్చి తలుపేసుకుని చాలాసేపు ఏడ్చాను. ఆయన ఆకలి నేను చూడలేదు. నా ఆకలి ఆయన చూశాడు.

చెల్లెలి కొడుకు గొర్రెల్ని బేరగాడికి ఇచ్చేద్దామన్నాడు. ఈ చలికాలం గడవనీ, చూడివి ఈననీ అని నేనే ఉంచుకున్నాను. మా పెరట్లోకి తోలుకొచ్చాక మొదటి రెండు రోజులూ కొత్త చోటికి బెదిరి నా చేతి మేత ముట్టలేదు. మూడోరోజు ముసలి గొర్రె వచ్చింది, దాని వెనక మిగతావి.

ఇప్పుడు మధ్యాహ్నం వాటి మధ్యే పీట వేసుకుని కూర్చుంటాను. ఒక్కదానికి వండుకున్న అన్నం కంచంలో ఉంటుంది. అవి ఆకు నమిలి మింగుతుంటే తొమ్మిది గొంతులూ కదలడం వరసగా చూస్తాను. ఆఖరిది కూడా మింగాక, నా ముద్ద నోట్లో పెట్టుకుంటాను.