చప్పుడు కొలిచే ముల్లు

కొత్తవాడ వెంకట్రాజం చేతికి తొందరెక్కువ. పగలంతా మగ్గం ముందు కూర్చుని జంపఖానా పోగుల్ని ఇనుప పంజాతో దబదబా బాదే ఆ చెయ్యి ఇంట్లోనూ ఊరుకునేది కాదు. పిలిస్తే పలకలేదని భార్య మొగిలమ్మను కొట్టేవాడు. ఆమె పలికే ఉండేది. లోకమంతా తన ముందు గొణుగుతోందని అతని కోపం. కొత్తగా కొన్న టేపురికార్డరూ గొణిగింది. పెద్ద స్పీకరు తగిలించినా అదే గొణుగుడు. దాని సంగతి తేల్చాలని, చప్పుడు కొలిచే పాత మీటర్లు చవకవి ఏవైనా ఉంటే తెమ్మని రేడియోలు బాగుచేసే కరీముద్దీన్‌కు చెప్పాడు. అతను రెండు తెచ్చాడు, ఒకటి మరీ చవకది.

ఇంట్లో మగ్గం పక్కనే పాట పెట్టారు. మొదటి మీటరు ముల్లు చివరికంటా పోయి నిలబడింది. రెండోదీ అంతే.

"రెండు మంచిగనే ఉన్నయి రాజన్నా. సస్తాది తీస్కో. పాటనే మస్తు గట్టిగున్నది," అని కరీముద్దీన్ అతని మొహంలోకి వంగి అరిచాడు.

"గొణిగే పాటకు ముల్లు గంత ఎగురుతదా? ఖరాబు మాలు నాకు అంటగడ్తానవా?"

పంజా లేచింది. కరీముద్దీన్ నుదురు చిట్లి, నెత్తురు సగం నేసిన జంపఖానా మీద పడింది. వెంకట్రాజం స్పీకరును ఒక్క తన్ను తన్నాడు. తీగ తెగి పాట ఆగిపోయింది. మళ్లీ పంజా ఎత్తాడు. కింద పడ్డ మీటరులో ముల్లు మాత్రం ఇంకా చివర్నే కొట్టుకుంటోంది. ఏ చప్పుడుకో అర్థంకాక వెనక్కి తిరిగాడు.

గుమ్మంలో మొగిలమ్మ గుండెలు బాదుకుంటూ అరుస్తోంది. అతనికి ఆమె తెరిచిన నోరే కనిపించింది.